ఒక్క లెన్సు, కొన్ని దూరాలు

“అన్నిటికీ పనికొచ్చే లెన్స్ ఒక్కటి చెప్పు. ఊళ్ళు తిరగడానికి, సెలవురోజు అలా ఎటైనా వెళ్ళి రావడానికి. బ్యాగులో రెండోది ఉండకూడదు.”

కొత్తగా కెమెరా కొన్న స్నేహితులు నన్నడిగే ప్రశ్న ఇది. ఫోన్లలో ఇంత మంచి కెమెరాలొచ్చాక కూడా ఈ ప్రశ్న ఆగలేదు. ఫోను చాలా చేస్తుంది గానీ, గుడి చూరు కింద బొమ్మ ముఖం చూడాలన్నా, ఆవలి ఒడ్డున పడవ కావాలన్నా, రెండు వేళ్ళతో లాగీ లాగీ చివరికి రంగు మరకలే మిగులుతాయి. అప్పుడు కెమెరా గుర్తొస్తుంది. కెమెరా కొన్నాక లెన్సుల సంగతి తెలుస్తుంది. లెన్సులు కొన్నాక బ్యాగు బరువు తెలుస్తుంది. అంతదాకా వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది.

నేను జవాబుగా ఇంకో ప్రశ్న వేస్తాను: “ఎవరితో వెళ్తావు?”

దాటేస్తున్నాననుకుంటారు. బడ్జెట్ ఎంత, కెమెరా ఏ కంపెనీది అని అడుగుతాననుకుంటారు కదా మరి. అవీ అడగాలి. కానీ అవి రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న ఇదే ఎందుకైందో కొంచెం వివరంగా చెప్తాను.

ముందు లెన్స్ పేరులో ఉండే అంకెల సంగతి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి కటకం, నాభ్యంతరం అనే మాటలు గుర్తుండే ఉంటాయి. కుంభాకార కటకానికి బొమ్మ గీసి, కిరణాలు గీసి, అవి కలిసే చోటుకి ఎఫ్ అని పేరుపెట్టి పది మార్కులు తెచ్చుకున్నాం. ఆ నాభ్యంతరమే ఇక్కడ ఫోకల్ లెంగ్త్. 18-135 అని రాసుంటే ఆ లెన్స్ 18 మి.మీ. నుంచి 135 మి.మీ. దాకా సాగుతుందని అర్థం. అంకె చిన్నదైతే వీధంతా పడుతుంది. పెద్దదైతే వీధి చివర కిటికీలో కూర్చున్న పిల్లి పడుతుంది. ఒకే గొట్టంలో ఈ రెండూ ఇమిడితే దాన్ని ఆల్-ఇన్-వన్ అంటున్నారు, సూపర్ జూమ్ అని కూడా అంటున్నారు.

ఇలా ఇమడటానికి చాలా ఏళ్ళే పట్టింది. 35 మి.మీ. ఫిల్ము వాడే స్టిల్ కెమెరాలకి తొలి జూమ్ లెన్స్ 1959లో వచ్చింది. దాని పేరు ఫోక్ట్‌లాండర్ జూమార్. 36 నుంచి 82 మి.మీ. దాకా సాగేది, అంతే. 1992లో టామ్రాన్ వాళ్ళు 28-200 తెచ్చారు. ఒక్క లెన్స్ మెడలో వేసుకుని ఊరు తిరిగి రావచ్చన్న మాట మామూలు కొనుగోలుదారుల దాకా వచ్చింది ఇలాంటి లెన్సులతోనే. ఇప్పుడు నికాన్ జడ్ కెమెరాలకి 28-400 ఉంది, 725 గ్రాములు. కెనాన్ ఆర్ఎఫ్‌లో 24-240, 750 గ్రాములు. సోనీకి టామ్రాన్ చేసిన 28-200 అయితే 575. ఇవన్నీ ఫుల్ ఫ్రేమ్ లెన్సులు. చిన్న సెన్సార్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాలకి టామ్రాన్‌దే 18-300 ఉంది, 620 గ్రాముల చిల్లర. ఏపీఎస్-సీలో ఆ అంకెల్ని ఒకటిన్నరతో హెచ్చవేసుకోవాలి, కెనాన్ అయితే 1.6తో. అంటే 18-300 అనేది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27-450 లాగా చూస్తుంది.

బరువులు కూడా ఎందుకు చెప్తున్నానంటే, కొనేటప్పుడు అందరం అంకెలే చూస్తాం. మెడ మాత్రం గ్రాములు చూస్తుంది.

*

ఇంత సాగే లెన్స్ ఊరికే రాదు. దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి. మొదట వదులుకునేది వెలుతురు.

లెన్సు మీద ఎఫ్ 3.5-5.6 అనో, ఎఫ్ 4-6.3 అనో రాసుంటుంది. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే అంకె అది. అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది. లెన్సుని సాగదీసేకొద్దీ ఇది పెరుగుతూ పోతుంది. నికాన్ 28-400 అయితే చివరికొచ్చేసరికి ఎఫ్ 8. ఎఫ్ 1.8 ఉన్న చిన్న ఫిక్స్‌డ్ లెన్సుతో పోలిస్తే ఎఫ్ 5.6 దగ్గర లోపలికొచ్చేది దాదాపు పదో వంతు వెలుతురు. ఇక మూలల్లో స్పష్టత కొంచెం తగ్గడం, తిన్నని గోడ కాస్త వంగినట్టు కనపడటం లాంటివి కూడా ఉంటాయి. వాటిని చాలావరకు కెమెరానే లోపల్లోపల సరిచేసేస్తుంది. వెలుతురుని మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

రామప్ప గుడి దగ్గర ఈ రెండూ ఒక్కపూటలో అర్థమవుతాయి. పాలంపేటలో 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. బయట చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలుంటారు. వాళ్ళలో ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులుంటాయి. కింద నుంచి తలెత్తి చూస్తే మెడ నొప్పే గానీ చెప్పులు సరిగ్గా కనపడవు. అక్కడ 135 మి.మీ. దాకా సాగే లెన్స్ కళ్ళజోడులా పనిచేస్తుంది. పగటి వెలుతురు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎఫ్ 5.6 అయినా ఇబ్బంది లేదు. అదే రంగమండపం లోపలికెళ్ళి పైకప్పు తీద్దామంటే చీకటి. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. ఐఎస్ఓ పెంచుకుంటూ పోవాలి, బొమ్మలో గరుకు వస్తుంది.

రాయి కదలదు కాబట్టి అక్కడ స్టెబిలైజేషన్ ఆదుకుంటుంది. మన చెయ్యి వణుకుని అది సర్దుతుంది, పదిహేనో వంతు సెకనుకి కూడా చెక్కిన పూలు పూలలాగే పడతాయి. అదే మండపంలో మీ అక్క కూతురు స్తంభాల చుట్టూ పరిగెడుతోందనుకోండి, స్టెబిలైజేషన్ ఏమీ చెయ్యలేదు. అది ఆపేది మన కదలికని, పిల్లల కదలికని కాదు. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ, సాయంత్రం ఆరు దాటాక ఇంట్లో ఫొటోలూ మీకు ముఖ్యమైతే ఈ రకం లెన్స్ ఒక్కటే సరిపోదు. పక్కన చిన్న 35 మి.మీ. ఎఫ్ 1.8 లాంటిదొకటి ఉండాల్సిందే. అది ఇంట్లో ఉండే లెన్స్. ఇప్పుడు మాట్లాడుతున్నది బయటికెళ్ళే లెన్స్ గురించి.

*

నాకు అంతకుముందు రెండు లెన్సులుండేవి. నాది సోనీ ఏపీఎస్-సీ కెమెరా. దాంతోపాటు వచ్చిన 16-50, తర్వాత కొన్న 55-210. రెండూ కలిపినా అరకేజీ లేవు. కాగితం మీద చూస్తే ఇంతకంటే ఏం కావాలి? 16 నుంచి 210 దాకా అన్నీ ఉన్నాయి కదా.

ఉన్నాయి. కానీ రెండు లెన్సుల మధ్య అతుకు 50 దగ్గర పడింది. మనుషులు ఉండేది సరిగ్గా అక్కడే. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషి, మెట్ల మీద ముందు నడుస్తున్న మనిషి, వెనక్కి తిరిగి ఏదో చెప్తున్న మనిషి. ఏపీఎస్-సీలో వీళ్ళంతా 40కీ 80కీ మధ్య ఉంటారు. చిన్న లెన్స్ ఉంటే ముఖం కొంచెం దూరమైపోతుంది, పెద్ద లెన్స్ ఉంటే చేతులూ టీ గ్లాసూ తెగిపోతాయి. మార్చేలోపు టీ అయిపోతుంది.

లెన్స్ మార్చడం అంటే ఏముంది, నిమిషం పని అంటారు. ఒంటరిగా వెళ్తే నిమిషమే. అమ్మతో గోల్కొండ ఎక్కినప్పుడు ఆ నిమిషం ఎంతుంటుందో తెలిసింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాలుగు మెట్లెక్కి ఆగుతుంది, మళ్ళీ నాలుగెక్కుతుంది. ఆమె ఆగే చోట్లు మోకాళ్ళు నిర్ణయిస్తాయి. నేను ఆగే చోట్లు లెన్స్ నిర్ణయిస్తోంది. ఇద్దరివీ కలవవు. బ్యాగు దించి, జిప్పు తీసి, ఒక మూత ఇక్కడా ఇంకో మూత అక్కడా పెట్టి, గాలికి దుమ్ము లోపల పడకుండా వీపు అడ్డం పెట్టి నేను లెన్స్ మారుస్తుంటే అమ్మ ఎండలో నిలబడి “అయిందా?” అనేది. విసుగ్గా కాదు. మామూలుగానే. రెండు నిమిషాల తర్వాత, “మళ్ళీ మారుస్తున్నావేంటే?”

దుమ్ము అన్నాను కదా, అది తీసిపారేసే విషయం కాదు. లెన్స్ ఊడదీసిన ప్రతిసారీ సెన్సార్ ఒళ్ళు బయటపడుతుంది. గండికోట అంచున గాలిలో, సముద్రం ఒడ్డున ఉప్పుతేమలో, జాతరలో కుంకుమ గాలిలో ఆ పని చెయ్యడమంటే చిన్న సాహసమే. ఆకాశం తీసిన ప్రతి ఫొటోలో ఒకేచోట నల్లచుక్క కనపడితే అదే. ఒక్క లెన్స్ పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తియ్యకపోతే ఈ బెడద చాలావరకు పోతుంది. మిగతాదంతా పక్కన పెట్టినా నాకు ఆల్-ఇన్-వన్ మీద మనసు పోవడానికి ఇదొక్కటీ చాలు.

ఎవరితో వెళ్తావని అడగడం ఇందుకే. ఒంటరిగానో, తోటి ఫొటోగ్రాఫర్లతోనో వెళ్తే ఫొటోలే పని. రెండు లెన్సులు, మూడు లెన్సులు, తెల్లారగట్ల నాలుగింటికి లేవడం, అన్నీ బాగుంటాయి. ఇంట్లోవాళ్ళతో వెళ్తే వెళ్ళడమే పని. ఫొటో మధ్యలో వచ్చి పోవాలి. ఆల్-ఇన్-వన్ ఈ రెండో రకం రోజులకి పుట్టిన లెన్స్. దాన్ని మొదటిరకం రోజుల కొలతలతో కొలిచి, మూలల్లో స్పష్టత లేదు, వెలుతురు చాలదు అనడం, పల్లెవెలుగు బస్సు విమానంలా లేదనడం లాంటిది. చెయ్యెత్తిన చోటల్లా ఆగడమే దాని గొప్ప.

*

సరే, ఆల్-ఇన్-వన్ అనుకున్నాం. అందులో ఏది? ఎంత సాగేది?

ఇక్కడ నా దగ్గర ఒక చిట్కా ఉంది. డబ్బులు పెట్టేముందు మీ పాత ఫొటోలని అడగండి. డిజిటల్ కెమెరాతో తీసిన ప్రతి ఫొటోలోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో రాసి ఉంటుంది. ఎక్సిఫ్ అంటారు దాన్ని. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో లెన్సు వారీగా, ఫోకల్ లెంగ్త్ వారీగా వేరు చేసి చూపిస్తాయి. ఓ గంట కూర్చుంటే మీరేం తీస్తారని మీరనుకుంటున్నారో, నిజంగా ఏం తీస్తున్నారో రెండూ బయటపడతాయి.

నా నాలుగేళ్ళ ఫొటోలు అలా పోసి చూశాను. 210 దగ్గర తీసినవి చాలా తక్కువ. కొన్ని పక్షులు, కొన్నిసార్లు చందమామ. 16 దగ్గర చాలా ఉన్నాయి, గుళ్ళూ కోటలూ. అసలు గుట్ట పడింది 55కీ 130కీ మధ్య. తెరిచి చూస్తే వాటిలో సగానికి పైగా అమ్మ.

అమ్మ దగ్గరగా ఎక్కడా లేదు. అందుకు కారణం ఉంది. కెమెరా దగ్గరికొస్తే అమ్మ కొంగు సర్దుకుంటుంది, చేతులు రెండూ కిందికి దించేస్తుంది, పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టు అయిపోతుంది. పది పదిహేను అడుగుల దూరంలో ఉంటే నన్ను మర్చిపోతుంది. జామకాయలమ్మేవాడితో బేరం చేస్తుంది. గుడి మెట్ల మీద పక్కావిడెవరో తెలియకపోయినా వాళ్ళ కోడలి గురించి తెలుసుకుంటుంది. నా లెన్స్ ఎంత సాగాలో చెప్పింది ఆ పదిహేను అడుగులు. మూడొందల మి.మీ. అక్కర్లేదు.

దూరం గురించి ఇంకో మాట చెప్పాలి, దీన్ని చాలామంది లెన్స్ మహిమ అనుకుంటారు. చార్మినార్ దగ్గరికెళ్ళి 18 మి.మీ. దగ్గర తీస్తే ముందున్న గాజుల బండి పెద్దగా, వెనక మినార్లు సన్నగా దూరంగా పడతాయి. పత్తర్‌గట్టీ వైపు వెనక్కి నడుచుకుంటూ పోయి, మచిలీ కమాన్ అవతల నుంచి 135 దగ్గర తీస్తే అదే చార్మినార్ జనం నెత్తి మీదికి వచ్చి నిలబడ్డట్టుంటుంది. తేడా లెన్స్ వల్ల రాలేదు, మీరు నడిచినందువల్ల వచ్చింది. ఏది ఎంత పెద్దగా కనపడాలన్నది మీరు నిలబడ్డ చోటు తేలుస్తుంది. జూమ్ ఆ చోటు నుంచి ఎంత మేర కత్తిరించుకోవాలో చెప్తుందంతే. అందుకే ఆల్-ఇన్-వన్ చేతికొచ్చాక వచ్చే పెద్ద బద్ధకం, ఉన్నచోటే నిలబడి రింగు తిప్పడం. ముందు నడవాలి, తర్వాత తిప్పాలి.

నడవడం గురించి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఒకామె నాకు ఇంకోరకంగా చెప్పింది. పొద్దున్నే బోట్లు వచ్చి చేపల పాట జరుగుతోంది. నేను దూరంగా గోడ దగ్గర నిలబడి, 210 దాకా లాగి, గంపల ముందు కూర్చున్న ఆడవాళ్ళని తీస్తున్నాను. ఒకామె తలెత్తి సూటిగా లెన్సులోకే చూసింది. చెయ్యూపి పిలిచింది.

“ఏటి పాపా, అంత దూరం నించి తీస్తన్నావేటి? దగ్గిరికి రా. మొకం సరిగ్గా పడొద్దా?”

వెళ్ళాను. పక్కామె నవ్వి కొంగు అడ్డం పెట్టుకుని, నన్ను తియ్యొద్దంది. తియ్యలేదు. పిలిచినామె మాత్రం చేతిలో వంజరాన్ని తోకపట్టి ఎత్తి చూపించింది. తీశాక కెమెరా లాక్కుని చూసుకుంది. దూరం నుంచి తీసినవి కూడా వెనక్కి తిప్పి చూసింది. “ఇయ్యెప్పుడు తీసినావు?” అంది. ఇద్దరూ ఒకే మనిషి, ఒకే గంప, మధ్యలో ఐదు నిమిషాలు. మొదటి ఫొటోలు చూడటానికి బాగుంటాయి, వెలుతురు, ఆవిడ ముఖంలో గీతలు, అన్నీ. రెండో ఫొటోలో ఆవిడ ఉంది.

అమ్మని దూరం నుంచి తియ్యడానికీ ఆమెని దూరం నుంచి తియ్యడానికీ తేడా ఏంటని ఆ రోజంతా ఆలోచించాను. అమ్మకి తెలుసు, నేనెక్కడో దగ్గర్లోనే ఉన్నానని, చేతిలో అదుందని. మర్చిపోవడానికి ఆమె ఒప్పుకుంది. హార్బరులో ఆమెకి ఒప్పుకునే వీలే లేదు. పొడుగు లెన్స్ చేతిలో ఉంటే ఎవరినీ అడగక్కర్లేదనిపిస్తుంది. ఎంత పొడుగైతే అంత. 18-300 వద్దనుకోవడానికి బరువు ఒక కారణం, ఇది ఇంకో కారణం. పక్షుల కోసం కొనేవాళ్ళకి ఈ మాట వర్తించదు. పక్షులకి మన మర్యాదతో పనేముంది, దూరంగా ఉండటమే మర్యాద.

*

చివరికి నేను తీసుకుంది 18-135. సోనీదే. 325 గ్రాములు, ఎఫ్ 3.5-5.6, స్టెబిలైజేషన్ ఉంది. 16 పోయి 18 వచ్చింది కాబట్టి ఇరుకు మండపాల్లో ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. 210 పోయింది కాబట్టి చందమామ చిన్నదైంది. రెండూ పెద్ద నష్టాలు కావు నాకు.

మీ జవాబు వేరే కావచ్చు. మీ ఫొటోల్లో 200 దాటినవి ఎక్కువుంటే, నెలకోసారి కొల్లేరో నేలపట్టో వెళ్తుంటే 18-300 తీసుకోండి. దాంట్లో ఇంకో సుగుణం కూడా ఉంది, 18 దగ్గర పెట్టి పువ్వుకి బాగా దగ్గరగా వెళ్ళి తియ్యొచ్చు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉండి వెలుతురు ముఖ్యమైతే టామ్రాన్ 28-200 మంచిది. 28 దగ్గర ఎఫ్ 2.8 ఇస్తుంది, కానీ లెన్సులో స్టెబిలైజేషన్ లేదు, కాబట్టి మీ కెమెరా బాడీలో ఉందో లేదో చూసుకోండి. నికాన్ జడ్ వాళ్ళకి 24-200 ఉంది, 570 గ్రాములు. వెడల్పు 24 దగ్గర మొదలవడం గుళ్ళూ ఇళ్ళూ తీసేవాళ్ళకి పనికొస్తుంది. 28కీ 24కీ తేడా అంకెల్లో నాలుగే గానీ, గర్భగుడి ముందు నిలబడితే రెండు స్తంభాల తేడా.

కొనేముందు షాపుకెళ్ళి చేత్తో పట్టుకోండి. కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది. మీ ఊళ్ళో ఇంకో వీధి ఉంటుంది. మీ కెమెరా, మీ మెమరీ కార్డు తీసుకెళ్ళండి. రోడ్డవతలి షాపు బోర్డు మీది అక్షరాల్ని వెడల్పు చివర, మధ్యలో, పొడుగు చివర ఒక్కోటి తియ్యండి. లెన్సుని నేలవైపు వేలాడదీసి కాస్త ఊపి చూడండి, కొన్నిట్లో గొట్టం దానంతటదే కిందికి జారుతుంది. జారకుండా లాక్ ఉందేమో చూడండి. మెడలో వేసుకుని పదినిమిషాలు మాట్లాడుతూ నిలబడండి. షాపువాళ్ళేమీ అనుకోరు. సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళయితే గాలి చొరబడని డబ్బా ఒకటి, సిలికా జెల్ పొట్లాలు కొన్ని అదే రోజు కొనుక్కోండి. వానాకాలం రెండు వారాలు బ్యాగులో వదిలేస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు పాకుతుంది.

*

ఇంకొక్క కారణం ఉంది. అది ఏ రివ్యూలోనూ చదవలేదు.

మా నాన్న దగ్గర యాషికా ఎంఎఫ్-2 ఉండేది. దానికి 38 మి.మీ. లెన్స్ ఒక్కటే. జూమ్ లేదు, ఫోకస్ తిప్పే పని కూడా లేదు. ముప్పయ్యారు ఫొటోల రీలు రెండు ప్రయాణాలకి రావాలి. నాన్నకి ఒకే నియమం, కాళ్ళు తెగకూడదు. నాగార్జునసాగరైనా, తిరుపతైనా అందరి కాళ్ళూ పడేదాకా వెనక్కి వెనక్కి నడిచి, అప్పుడు నొక్కేవాడు. మా ఆల్బములన్నిట్లో మేమందరం ఒకే దూరంలో, ఒకే సైజులో, చెప్పులతో సహా ఉంటాం. నాన్న ఎందులోనూ లేడు. తీసేవాడు పడడు కదా.

ఆరేళ్ళ క్రితం ఆయన పోయినప్పుడు దండ వెయ్యడానికి ఫొటో దొరకలేదు. చివరికి మా పెద్దనాన్న కొడుకు పెళ్ళిలో గ్రూపు ఫొటో దొరికింది. స్టూడియోవాళ్ళు చుట్టూ ఉన్నవాళ్ళని చెరిపేసి, వెనక నీలం రంగు వేసి, పెద్దది చేసిచ్చారు. నాన్న భుజం మీద ఎవరిదో చెయ్యుండేది, దాన్నీ చెరిపేశారు. ఆ భుజం ఒకవైపు కొంచెం వంగి ఉంటుంది ఇప్పటికీ, ఏదో బరువు మోస్తున్నట్టు.

నా ఫొటోల మూట చూస్తున్నప్పుడు నేనూ అందులో లేనని గమనించాను. సెల్ఫీల్లో ఉన్నాను, చెయ్యి చాచినంత దూరంలో, చెయ్యి చాచిన ముఖంతో. నేను నడుస్తుంటే ఎలా ఉంటానో, ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఎలా ఉంటానో ఎక్కడా లేదు. రెండు లెన్సులు, మూతలు, బ్యాగు ఉన్నప్పుడు కెమెరా ఇంకొకళ్ళ చేతికివ్వాలనే తోచదు. ఇది చెడిపోతుందేమోనని వాళ్ళకీ భయం, నాకూ భయం. ఒక్క లెన్స్ ఉంటే చెప్పాల్సింది రెండే ముక్కలు: ఈ రింగు తిప్పు, ఇక్కడ నొక్కు. కెమెరాని ఆటోలో పెట్టి ఇచ్చెయ్యొచ్చు. 325 గ్రాములంటే అమ్మ చెయ్యి కూడా మొయ్యగలదు.

మొన్న చలికాలం గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మని తీసుకుని ఉప్పలపాడు వెళ్ళాను. ఊరి మధ్య చెరువు, అందులో చెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు. నా లెన్సుకి ఒక్క పక్షి కన్ను అందలేదు. పక్షులతో బరువెక్కి వంగిన చెట్టు మొత్తం అందింది. ఓ పావుగంట తీసి కెమెరా అమ్మకిచ్చి, గట్టు మీద శనక్కాయలు కొనడానికి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మ రింగు అటూ ఇటూ తిప్పుతూ దూరదర్శినిలా చూస్తోంది. “అదిగో, పిల్లకి నోట్లో పెడుతోంది చూడవే!” అని నాకే చూపించింది.

ఇంటికొచ్చి కార్డు తెరిస్తే అమ్మ తీసినవి పదకొండున్నాయి. ఏడు ఆకాశం, మూడు చెరువు నీళ్ళు. పదకొండోది నేను. 43 మి.మీ. దగ్గర. శనక్కాయల బండి పక్కన నిలబడి, పొట్లం అందుకుంటూ, బండాయనతో ఏదో మాట్లాడుతున్నాను. నోరు సగం తెరిచి ఉంది, జుట్టు గాలికి రేగి ఉంది. ఫ్రేము కొంచెం ఎడమవైపు ఒరిగింది. కాళ్ళు తెగలేదు.